మీ పలక మీరే దించాలి

ఏమండీ,

మిసో సూప్ పొయ్యి మీద ఉంది. వేడి చేసుకోండి చాలు, మరిగించకండి. మోకాలికి పట్టీ వేసుకోండి. నేను క్లబ్బు వాళ్లతో నది గట్టు మీద పరుగుకి వెళ్తున్నాను. మారథాన్‌కి ఇంకా మూడు వారాలే ఉంది.

రాత్రి మీరు "ఎలా పరిగెత్తావ్?" అంటే "ఏదో, బాగానే" అన్నాను. నిజం ఇప్పుడు చెప్తున్నా. నిన్న ముప్పై కిలోమీటర్ల పరుగులో మీ బెస్ట్ టైము మీద పదకొండు సెకన్లు తగ్గించాను. అరవై ఎనిమిదేళ్ల దాన్ని! వేసవంతా మీరు లేవకముందే గుట్ట మీది గుడి మెట్లు ఎక్కి దిగింది ఊరికే కాదు. "మా ఆవిడది ఉత్త షికారు" అని పక్కింటి తకెమురా గారితో అన్నారుగా!

క్లబ్బు గోడ మీద మన కొయ్య పేరుపలకలు టైము వరసలోనే వేలాడాలి, ఓడినవాళ్లు తమ పలకను తామే ఒక మేకు కిందికి దించుకోవాలి అని రూలు పెట్టింది మీరే. పదింటికి క్లబ్బుకి రండి. మీరు ఎక్కడానికి మన క్లబ్బు ఒగావా గారు స్టూలు తుడిచి ఉంచారు. అందరం ఎదురుచూస్తుంటాం.

కినుయో

ఇంకో మాట. మనిద్దరి పలకల మధ్య ఇంకెవరూ రారు. రెండుసార్లు చూసుకున్నాను.