నిచ్చెన గుర్తుకే వేయమ్మా

మత్తిగిరి,
29-9-1996.

అమ్మకు నళిని దండాలు పెట్టి రాసేది. ఇక్కడ అత్తా, మామా, నేనూ సుఖంగా ఉన్నాం. నువ్వూ, నాయనా, ఈనబోయే ఆవూ బాగున్నారనే నమ్మకంతో ఈ జాబు మొదలుపెడుతున్నాను. రాగి చేలో ఏనుగులు దిగాయని రాశావు. నాయనను ఒంటరిగా కావలికి పోనీయవద్దు.

మామ ఎగతాళి ఇంకా మానలేదు. మొన్న నా ప్లస్ వన్ రాజనీతి పుస్తకం చేతిలోకి తీసుకుని, "ఇది చదివితే ఏమైతావు పాపా, మంత్రివా?" అన్నాడు.

"కాకపోయినా, మంత్రిని ఏమడగాల్నో తెలుస్తుంది మామా."

"అట్లయితే మన వీధి కొళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందు అడుగు" అన్నాడు. అత్త ఒకటే నవ్వు.

నీ ప్రశ్నకు వస్తాను. పంచాయతీలో మన వార్డు ఆడవాళ్ళకు కేటాయించినందువల్ల నాయన నీచేత నామినేషన్ వేయించాడు కదా. గెలిస్తే మీటింగులకు నువ్వే పోవాలా, నాయన పోతే చాలదా అని అడిగావు. నువ్వే పోవాలి. ఏ కాగితమైనా చదివిన తరువాతే సంతకం పెట్టాలి. ఐదో తరగతి చదివావు, అంత మాత్రం చాలు. "పేరు ఆమెది, పని నాది" అని నాయన ఊరంతా చెప్పుకుంటున్నాడట. ఆ మాట నవ్వుతూనే మాన్పించు.

మా క్లాసులోనూ ఎన్నిక జరిగింది. లీడరుకు మద్రాసులో శాసనసభ చూసే అవకాశం ఉందని చెన్నకేశవ సార్ చెప్పారు. పుస్తకంలో బొమ్మగా చూసిన సభను కళ్ళతో చూడాలని నాకు చాలా ఆశ. హొసూరులో కిరాణా అంగడి వాళ్ళ అమ్మాయి హేమావతి, నేను నిలబడ్డాం. చాక్‌పీసుల డబ్బాకు కంత పెట్టి ఓట్లు వేయించారు. ఇరవై తొమ్మిది మందిలో ఆమెకు పదిహేను, నాకు పద్నాలుగు.

సార్ బోర్డు మీద రెండు అంకెలూ రాసి, "ఒక్క ఓటు విలువ అని పాఠం చెప్తే నవ్వినారే, ఇప్పుడు నవ్వండప్పా" అన్నారు. హేమావతి నా పక్కన కూర్చుని, "మా అంగడి తక్కెడ కూడా ఇంత సన్నంగా తూగదే" అంది.

నేను ఓడిపోయాను అంతే, బాధపడేదేమీ లేదు అని ఇక్కడే ఆపుదామనుకున్నాను. కానీ నీ జాబులో చివరి మాట మళ్ళీ చదివాను. నీ మీద పోటీ చేస్తున్న వాసవాంబ పెద్దమ్మ మనింటికి వచ్చి నీకు కుంకుమ పెట్టి ఓటు అడిగిందని, ఇంటికొచ్చిన మనిషికి లేదనలేక సరే అన్నావని రాశావు. "మనకు మనమే ఓటు ఏసుకొనేది సిగ్గు గాదా" అని కూడా రాశావు.

ఇక్కడినుంచి నువ్వొక్కదానివే చదువు, నాయనకు వినిపించవద్దు. ఆ రోజు చీటీ మీద నేను హేమావతి పేరు రాశాను. పదిమందికి వడ్డించాకే మనం తినాలని నువ్వు నేర్పావు. చీటీ చేతికి రాగానే అదే గుర్తుకొచ్చింది. నా పేరు నేనే రాసుకోవడానికి చేయి రాలేదు. నా పేరే రాసుకుని ఉంటే పదిహేను నాకే వచ్చేవి.

హేమావతికి మాత్రమే చెప్పాను. "నీకేమన్నా లూసా?" అని తల మీద మొట్టింది. "నా పేరు నేనే రాసుకొన్న. నన్ను నేనే నమ్మకపోతే ఇంగెవరు నమ్ముతారే?" అంది. రెండు రోజులు ఆ మాటే ఆలోచించాను. ఓటు అన్నం కాదమ్మా. ముందుగా వడ్డించుకుంటే ఎవరికీ తక్కువ కాదు.

మాట తప్పినట్లు అవుతుందని నువ్వు సంకటపడతావు. దానికీ దారి ఉంది. నువ్వూ భరిణె తీసుకుని వాసవాంబ పెద్దమ్మ ఇంటికి పో. కుంకుమ పెట్టి ఓటు అడుగు. ఆమె కూడా సరే అంటుంది. అప్పుడు ఇద్దరి మాటలూ చెల్లు. ఓట్ల రోజు బూత్ లోపలికి పోయాక నీ నిచ్చెన గుర్తు మీదే ముద్ర వేయి.

అదే రోజుల్లో ఉన్న మద్రాసు ప్రయాణం హేమావతిది కాబట్టి, ఓట్ల రోజుకు నేను డెంకణికోట బస్సెక్కి ఊరికి వస్తాను. బూత్ బయట నిలబడి ఉంటాను. నువ్వు చెప్పనక్కరలేదు. బయటికొచ్చేటప్పుడు నీ ముఖం చూస్తే ఎవరికి వేశావో నాకు తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక ఓటు పోగొట్టుకున్న నీ కూతురు,
నళిని