మ్యూజియం వాల్వు

మార్చి 3, ఉదయం

ఇసుకలో కాంక్రీటు దిమ్మెల మీద కూర్చున్న మా మ్యూజియం సబ్‌మెరైన్ మళ్ళీ సముద్రంలోకి వెళ్తోందని క్యూరేటర్ గారు చెప్పారు. మొత్తం కాదు, ఒక్క వాల్వు. ఇదే మోడల్ సబ్‌మెరైన్ ఇంకొకటి నేవీలో తిరుగుతోంది. సముద్రపు నీళ్ళు లోపలికి రాకుండా ఆపే వాల్వు అందులో పాడైందట. కొత్తది ఎక్కడా తయారు కావడం లేదట. మధ్యాహ్నం నేవీ రిపేరు యార్డు వాళ్ళు వచ్చి మాది విప్పుకుపోతారట. మ్యూజియం పుట్టాక ఇంత గౌరవం దక్కలేదని ఆయన మురిసిపోతున్నారు.

నాకు మాత్రం ఆ మురిపెం లేదు. మా తమ్ముడు పనిచేసేది ఆ నేవీ సబ్‌మెరైన్‌లోనే.

మార్చి 3, సాయంత్రం

పట్టుకుపోయారు. కండిషన్ రిపోర్టు మీద మెయింటెనెన్స్ ఫిట్టర్ సంతకం కావాలన్నారు. అంటే నాది. ‘గుడ్’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. చెయ్యి వణకనైనా లేదు. సిగ్గులేని చెయ్యి.

మార్చి 4

ఇక్కడైనా నిజం రాస్తాను. నాలుగేళ్ళ కిందట ఆ వాల్వు బిగుసుకుపోతే సుత్తితో కొట్టాను. బాడీ మీద వెంట్రుకంత పగులు వచ్చింది. భయపడ్డాను. ఎపాక్సీ పుట్టీ పూసి, ఎమరీ పేపరుతో రుద్ది, మూడు పూతలు గ్రే పెయింట్ వేశాను. రిజిస్టర్‌లో ‘పెయింటింగ్’ అని మాత్రం రాశాను. చూసేవాళ్ళకే కదా, సముద్రానికా అనుకున్నాను. పోయినేడాది ఇన్‌స్పెక్షన్‌లో దాన్నే మెచ్చుకున్నారు, అదొకటి.

యార్డులో టెస్టు చేస్తారు కదా. దొరికిపోతుంది. దొరకాలి.

మార్చి 6

దొరకలేదు.

మార్చి 7

తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కా, నీ వాల్వు నేను పడుకునే బంకు పక్కనే బిగించారు అని ఒకటే సంబరం. సగం ప్రెషర్‌కి నిలబడిందట. కాగితం మీద గుడ్ అని ఉంది, టైము లేదు, ఫుల్ టెస్టు తిరిగొచ్చాక చేస్తారట. సోమవారమే బయల్దేరుతున్నారట. ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్న ప్రమోషన్ ఈ ట్రిప్పుతో ఖాయమట. ఆ సంతకం మా అక్కదే అని వాళ్ళ చీఫ్‌కి కూడా చెప్పుకున్నాడట.

జాగ్రత్తరా అన్నాను. జాగ్రత్తట. నా నోరు పడిపోను.

మార్చి 8, ఉదయం 5.40

అమ్మకి చెప్పేశాను. తిట్టలేదు. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

మార్చి 8, సాయంత్రం

దారిలో క్యూరేటర్ గారికి ఫోన్ చేశాను. నీ ఉద్యోగంతో పాటు నా పరువూ పోతుంది, వాళ్ళు టెస్టు చేసుకున్నారుగా, నోరు మూసుకో అన్నారు. ఒక్క క్షణం ఆయన మాటే కరెక్టనిపించింది. అదీ నా బతుకు.

యార్డు గేటు దగ్గర లోపలికి వదల్లేదు. అమ్మ వెళ్ళి గేటుకి అడ్డంగా రోడ్డు మీద కూర్చుంది. లేవమంటే, నా కొడుకు లోపలున్నాడు, నేను లేవను అంది. గంటన్నరకి ఇంజినీరు వచ్చాడు. సుత్తి సంగతితో సహా అంతా చెప్పాను. ఆయన వెంటనే వాల్వు విప్పించి, వర్క్‌షాపులో ఫుల్ ప్రెషర్ పెట్టించాడు. నన్ను అక్కడే ఉండమన్నాడు. ప్రెషర్ గేజు ముల్లు మూడొంతులు దాటేసరికి నా పెయింటు ఉబ్బింది. ఆ వెంటనే వాల్వు రెండుగా పగిలి నీళ్ళు గోడ దాకా కొట్టాయి.

తమ్ముడు తలుపు దగ్గరే ఉన్నాడు. నీళ్ళ వైపు చూశాడు. నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మార్చి 12

ఉద్యోగం పోయింది. సబ్‌మెరైన్ రేవులోనే ఉంది. ట్రిప్పు రద్దు, తమ్ముడి ప్రమోషన్ కూడా. తోటివాళ్ళు వాణ్ణి పుట్టీ అక్క తమ్ముడు అని ఏడిపిస్తున్నారట. అమ్మ చెప్పింది. వాడు నా ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 19

తమ్ముడు ఇంటికొచ్చాడు. నన్ను పలకరించలేదు. భోజనం పెట్టాను. తలెత్తకుండా తిని, కంచం నా వైపు తోశాడు. వడ్డించాను. మళ్ళీ తోశాడు.

వెధవకి ఎంత ఆకలో.