మూడో స్తంభం

తిరుపతి, జూన్ 9

ప్రియమైన యోగానందా,

‘ప్రియమైన’ అని పాత అలవాటు కొద్దీ పడింది, పొంగిపోకు. నీ ఫోన్ నెంబరు బ్లాక్ చేసి ఏడాదయింది కాబట్టి ఈ కాగితం. మా పేటలో సైకిళ్లు ఎలా పోతున్నాయో, బస్టాపు ఎవరికి అందుతోందో చూసి రిపోర్టు రాసే పని పేట సంఘం నాకు అప్పగించింది. ఇంజనీరువై నువ్వే వేయించిన రోడ్డు! టేపు పట్టుకుని మూడు రోజులు కొలిచాను. సైకిల్ దారి నడిమధ్యన ఏడు కరెంటు స్తంభాలు. బస్టాపు అరుగు మోకాలెత్తు. దానికి వాలుదారి ఉంది గానీ, అది తిన్నగా మురికి కాలువలోకి దిగుతుంది.

మూడో స్తంభాన్ని తప్పించబోయే కదా, సైకిల్ మీద పోతున్న నా కూతురు మహిత రోడ్డు మీదికొచ్చి బస్సు కింద పడింది? కాలేజీకి పోయే బస్సు మా ఇంటి ఎదురుగానే ఆగుతుంది. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్న నా పిల్ల ఆ అరుగెక్కలేదు. అంగుళం కూడా వదలను. నీ పేరుతో సహా మీ పైవాళ్లకు పంపిస్తాను.

బాలచంద్ర

చిత్తూరు, జూన్ 15

ప్రియమైన బాలచంద్రా,

రిటైర్మెంటుకు మూడు నెలలుంది. ఆ రిపోర్టు పోతే నన్ను సస్పెండ్ చేస్తారు. స్తంభాలు జరపనిది కాంట్రాక్టరు, నేను కాదు. ఏర్పేడు నుంచి హైస్కూలుకి ఒకే సైకిల్ మీద పోయేవాళ్లం. ఎదురుగాలిలో తొక్కింది నేను, క్యారియర్ మీద కూర్చుంది నువ్వు. అదీ మరిచావా?

నీ యోగానంద

తిరుపతి, జూన్ 20

ఒరే యోగానందా,

మరవలేదు. అందుకే ఒక అవకాశం. సైకిల్ తెచ్చుకుని నీ దారి మీద ఈ చివర నుంచి ఆ చివరకు కాలు కింద పెట్టకుండా తొక్కు. తర్వాత మహిత కుర్చీ తోసి బస్సెక్కించు. చేయగలిగితే నీ కళ్లముందే రిపోర్టు చింపేస్తా. నువ్వు పడుతుంటే చూడాలని ఉంది నాకు. కళ్లారా చూడాలి.

బాలచంద్ర

చిత్తూరు, జూలై 1

ప్రియమైన బాలచంద్రా,

నువ్వు చూస్తుండగా పడే ధైర్యం లేక, ఆదివారం నువ్వు ఊళ్లో లేవని తెలిసి వచ్చాను. రెండు స్తంభాలు దాటాను. మూడో దాని దగ్గర వెనక బస్సు హారన్ కొట్టేసరికి హ్యాండిల్ తిప్పేసి పడ్డాను. మోచేయి చీరుకుపోయింది. మీ గేటు దగ్గర నుంచి మహిత పిలిచింది.

“మామా, నీళ్లు తాగు. ఆడ అందురూ పడతారు. ఆ కంబాన్ని ఆడ వదిలినోడు దొరికితే ఇడిసిపెట్టను.”

ఆ రోడ్డు వేయించింది నేనేనని నువ్వు ఇంట్లో చెప్పలేదని అప్పుడు తెలిసింది.

“నేనేనమ్మా” అన్నాను. కుర్చీ తిప్పుకుని లోపలికి పోయింది.

కాంట్రాక్టరు మాట అబద్ధం. షాపుల ముందు కార్లకు చోటు మిగలాలని ప్లాను మార్చింది నేనే. అదే రాసి సంతకం పెట్టి ఇందులో ఉంచాను. రిపోర్టు చింపకు.

యోగానంద

తిరుపతి, జూలై 8

యోగానందా,

నీ సంతకం, నా రిపోర్టు ఒకే కవర్లో పెట్టి పంపేశాను. జాలి పడలేదు. క్షమించనూ లేదు. నిన్న మహిత అంది:

“కంబాలు పీకిన దినం మామను రమ్మను నాయనా. నా కుర్చీ తోసి బస్సెక్కించాల్సింది ఆయప్పే. అంతవరకు ఇడిసేది లేదు.”

రా. నేనూ అక్కడే నిలబడి చూస్తాను.

బాలచంద్ర