మామ పేరు పెట్టిన చుక్క

నాంపల్లి

అత్తమ్మా,

ఫోన్ల చెప్తే నన్ను మాట్లాడనియ్యవు. అందుకే కాయితం మీద రాస్తున్న. జర ఆఖరి దాకా చదువు.

పోయిన నెల మా డాబా మీద ఐదు నిమిషాలు కెమెరా కన్ను తెరిచి పెట్టి ఆకాశం ఫోటో ఒకటి తీసి, దాంట్ల ఎర్రగ మెరిసిన చుక్కకు కాలం చేసిన మన సదాశివ మామ పేరు పెట్టిన గదా. నువ్వు దాన్ని ఫ్రేమ్ కట్టిచ్చి మామ ఫోటో పక్కన పెట్టినవ్. కాచిగూడల మీ గల్లీ మొత్తం మిఠాయి పంచినవ్.

అది చుక్క కాదత్తమ్మా.

శుక్రవారం ఆబిడ్స్‌ల, మా దుకాణంల, పట్టపగలు కెమెరాకు మూత పెట్టి మళ్ల ఐదు నిమిషాలు తీసిన. మూత పెట్టినా మామ గాడనే ఉన్నడు! గంతసేపు తీస్తే లోపల సెన్సర్ వేడెక్కి, లేని చుక్కలు అదే పుట్టిస్తదంట. కెమెరాను కవర్ల చుట్టి, చుట్టూ ఐస్ పెట్టి ఇంకోటి తీసిన. సెన్సర్ చల్లబడ్డది, చుక్కలు తగ్గినయ్. మామ గూడ మాయమైండు.

తప్పు నాదే, కోపం చేస్కోకు. గిదంతా చెప్దామనే నిన్న ఫోన్ చేసిన. నేను నోరు తెరవకముందే నువ్వు అందుకున్నవ్: "రోజూ పొద్దుగూకంగనే ఆకాశంల మీ మామ కనబడ్తున్నడు రా, అద్దాలు పెట్టుకోకున్నా కనబడ్తున్నడు!"

సరే అని ఫోన్ పెట్టేసి, ఈ కాయితం తీసిన.

వచ్చే ఆదివారం వస్త. కెమెరా తెస్త, ఐస్ గూడ తెస్త. నువ్వు ఏ చుక్కను చూపిస్తే అదే మామ. ఈసారి ఐస్ పెట్టి తీసినా పోడు.

నీ మేనల్లుడు