ఎడమ వైపుది

అక్టోబర్ 6, సోమవారం

మ్యాచ్ అయింది.

కర్నూలు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు వలుస్తున్నాను. తమ్ముడు మన్సూర్‌కు నా కిడ్నీ సరిపోతుందట. అమ్మకు షుగర్. మరదలి బ్లడ్ గ్రూపు వేరు. మిగిలింది నేనే.

సాయంత్రానికి అమ్మ డోన్‌లో రైలెక్కి బేతంచెర్ల వచ్చేసింది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నాకు నలభై మూడేళ్లు. అమ్మ అలా చేయడం ఇదే మొదటిసారి. ఇస్తావా అని మాత్రం అడగలేదు. ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే, మ్యాచ్ కాదులే అన్న ధైర్యంతోనే నేను టెస్టులకు వెళ్లాను. ఈ మాట ఎవరితోనూ అనలేను. పిల్లల బరువులు రాసే పాత రిజిస్టర్‌లో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. వీటిలో రాసుకుంటాను.

అక్టోబర్ 9

మన్సూర్‌కు ముప్పై ఆరు. డోన్ స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. ఐదేళ్ల కిందట బీపీ ఉందన్నారు. రెండు నెలలు మాత్రలు వేసుకుని మానేశాడు. నేను ఫోన్ చేసి అడిగిన ప్రతిసారీ వేసుకుంటున్నానని చెప్పేవాడు. అబద్ధం. ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. డయాలసిస్ సూదుల కోసం ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేశారు, అక్కడ నరం తాడులా ఉబ్బింది. ముట్టుకుంటే లోపల బుర్రుమంటుంది.

వాడి మీద నాకు కోపంగా ఉంది. జబ్బు మనిషి మీద కోపం తప్పేమో. అయినా ఉంది.

అక్టోబర్ 12, ఆదివారం

ఇరవై నాలుగు గంటల యూరిన్ పట్టి ఇవ్వాలి. ఐదు లీటర్ల డబ్బా ఇచ్చారు. దాన్ని బాత్రూంలో బకెట్ వెనక దాచాను. పక్కింటి గంగక్క వచ్చి రెండు గంటలు కూర్చుంది. ఆపుకోలేక చచ్చాను.

అక్టోబర్ 16

సీటీ స్కాన్. చేతిలో డై ఎక్కించారు. ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కింది. బట్టల్లోనే పోసుకున్నానేమో అనిపించింది. అలా అనిపిస్తుందని సిస్టర్ ముందే చెప్పింది. అయినా లేచాక తడిమి చూసుకున్నాను.

సర్జన్ హర్షవర్ధన్ సార్ స్క్రీన్ మీద చూపించారు. ఎడమ వైపుది తీస్తారట. దాని రక్తనాళం పొడవుగా ఉందట. మంచి కిడ్నీ అని మెచ్చుకున్నారు. బస్సులో దారి పొడవునా ఎడమ పక్కన చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను.

మూడు గంటల ఆపరేషన్. పూర్తి మత్తు. నొప్పికి నేను భయపడను. ఇద్దరు పిల్లల్ని కన్నాను. మత్తంటేనే భయం. ఆ మూడు గంటలు నేను ఎక్కడుంటాను? అది నిద్ర కూడా కాదు. నిద్రలో ఉంటే ఎవరైనా పిలిస్తే పలుకుతాం.

అక్టోబర్ 17

అన్నం సయించలేదు.

అక్టోబర్ 22

మా ఆయన సంతకం కూడా కావాలన్నారు. లారీలో బండలు దించేసి నేరుగా కర్నూలు వచ్చాడు. చొక్కా నిండా తెల్ల దుమ్ము. ఫారం మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాడు. సమీవుల్లా అంత ఓపికగా ఏదైనా చదవడం నేను చూడలేదు. పెన్ను తీసుకుని సర్జన్‌ను ఒకే ఒక్కటి అడిగాడు, తర్వాత ఈమె నీళ్ల బిందె మోయొచ్చా అని. మూడు నెలలు వద్దన్నారు. సంతకం పెట్టాడు. నీకు ఇష్టమేనా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

తర్వాత కోఆర్డినేటర్ స్తుతి అందరినీ బయటికి పంపి తలుపేసింది. చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు. ఫైల్ మూసి పక్కన పెట్టి మాట్లాడింది.

"అక్కా, ఈ మాట డోనర్లందరికీ చెప్తాం. మీకు ఇష్టం లేకుంటే ఆపరేషన్ రోజు పొద్దున గూడా వద్దనొచ్చు. డోనర్‌గా పనికిరారని మీ ఇంట్లోవాళ్లకు మేమే చెప్తాం. అంతకు మించి ఎవురికీ చెప్పం."

ఇష్టమే అన్నాను. ఇన్నాళ్లూ తప్పించుకునే దారి లేదని భయం. ఇప్పుడు దారి ఉంది. ఇది ఇంకా పెద్ద భయం.

అక్టోబర్ 25

నవంబర్ 18న ఆపరేషన్. అమ్మ దర్గాలో చాదర్ కప్పిస్తానని మొక్కుకుందట, మన్సూర్ పేరు మీద. నా పేరు కూడా చెప్పిందో లేదో.

అక్టోబర్ 28

చెప్పేశాను.

పిల్లలు వెళ్లిపోయాక సెంటర్‌లో ఒక్కదాన్నే కూర్చుని స్తుతికి ఫోన్ చేశాను. నా వల్ల కాదు అన్నాను. ఎందుకని అడగలేదు. మేం చూసుకుంటాం, మీరు నిమ్మళంగా ఉండండి అంది. నిమిషం కూడా పట్టలేదు.

అక్టోబర్ 29

డోనర్‌గా పనికిరానని ఇంట్లో అందరికీ తెలిసింది. మా ఆయన సాయంత్రం కిలో పొట్టేలు మాంసం పట్టుకొచ్చాడు. పండగ కాదు, ఇంట్లో చుట్టాలు లేరు. ఉల్లిగడ్డలు కూడా ఆయనే కోశాడు. ఈ మనిషి కూడా ఇన్నాళ్లూ భయపడుతూనే ఉన్నాడని నాకప్పుడు అర్థమైంది.

రెండోసారి వడ్డించుకుని తిన్నాను. చాలా రోజులకు నిద్ర పట్టింది.

అక్టోబర్ 31

అమ్మ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఏడ్చింది. పనికిరాదన్నారంటే నా కిడ్నీలు కూడా చెడిపోయాయని అనుకుంది. పొద్దున లేవగానే మొహం వాస్తోందా, కాళ్లు నొక్కితే గుంట పడుతోందా అని అడిగింది. మన్సూర్‌కు మొదట్లో అలాగే అయిందట. నాకేం లేదమ్మా అన్నాను. ఏం లేకుండానే వద్దంటారా అంది. దర్గాకు మళ్లీ వెళ్తోందట. ఈసారి నా కోసం.

నవంబర్ 2, ఆదివారం

మన్సూర్ వచ్చాడు.

నిన్ననే డయాలసిస్ అయింది. మర్నాడు మంచం దిగలేని మనిషి. డోన్ నుంచి రైల్లో ఒక్కడే వచ్చి, స్టేషన్ నుంచి నడిచాడట. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకున్నాడు. గ్లాసు నీళ్లిస్తే రెండు గుక్కలు తాగి మిగతావి తిరిగిచ్చాడు. వాడికి అంతకంటే ఎక్కువ తాగే వీల్లేదు.

కడపలో ఒక కిడ్నీ డాక్టర్ దగ్గర నా పేరు రాయించాడట. రేపటికే. తానే తీసుకెళ్తాడట.

"నా సంగతి వదిలేయక్కా. నీకేముండాదో ముందు చూపిచ్చుకుందాం పా. నేను మాత్రలు మింగక ఇట్ల చేసుకుంటి. నువ్వు నా మాదిరి చేయొద్దు."

మా ఆయన లోడుతో వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే. నేను అటు తిరిగి పొయ్యి గట్టు తుడుస్తూ చెప్పాను.

"నా కిడ్నీలు బాగుండాయి మన్సూరూ. భయమైంది నాకు. వద్దని నేనే చెప్పినా."

లేచి వెళ్లిపోతాడనుకున్నాను. నా తుడవడం ఆగలేదు. శుభ్రంగా ఉన్న చోటే తుడుస్తున్నాను.

"నీకేం లేదు గదా?" అన్నాడు.

లేదన్నాను. మళ్లీ అడిగాడు. లేదన్నాను.

"అయితే సాల్లే," అన్నాడు. తిరిగి చూస్తే గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. "అమ్మకు చెప్పొద్దు. పనికిరాదన్నట్టే ఉండనీ. నేనూ చెప్పను."

కడప ఊసెత్తలేదిక. సాయంత్రం రైలుకు ఆటోలో తీసుకెళ్లాను. పెట్టె మెట్టు ఎక్కడానికి వాడు రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి నేను వెనక నుంచి తోశాను. ఏమీ బరువు లేడు.

నవంబర్ 3

భయం తగ్గిందేమోనని చూసుకున్నాను. తగ్గలేదు.

నవంబర్ 5

స్తుతికి ఫోన్ చేసి ఇస్తానన్నాను. ఆ పిల్ల వెంటనే ఒప్పుకోలేదు. ఇంట్లో ఎవరైనా బలవంతం చేశారా అని రెండు మూడు రకాలుగా అడిగింది. పాత తేదీ రద్దు. రెండు వారాలు ఆగి, సైకియాట్రిస్ట్‌తో మాట్లాడాక చూద్దామంది.

మన్సూర్‌కు చెప్తే వద్దన్నాడు. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు.

నవంబర్ 20

సైకియాట్రిస్ట్ మేడమ్ గంటసేపు మాట్లాడారు. భయం పోయిందా అన్నారు. లేదన్నాను. మరి ఎందుకు ఇస్తున్నారు అన్నారు. ఏదైనా గొప్ప మాట చెప్దామని వెతికాను. దొరకలేదు.

"భయపడుతూనే ఇస్తా మేడమ్," అన్నాను.

రాసుకున్నారు.

నవంబర్ 23

డిసెంబర్ 9న ఆపరేషన్ పెట్టారు. డాక్టర్లు రెండోసారి చూసి బాగుందన్నారని అమ్మకు చెప్పాను. మా ఆయనకు మాత్రం జరిగిందంతా చెప్పాను. లారీ టైరు పక్కన గొంతుక్కూర్చుని విన్నాడు.

"నేను వద్దంటే ఆగుతావా?"

ఆగనన్నాను.

టైరులో ఇరుక్కున్న రాయిని పుల్లతో తీసి పడేశాడు. తర్వాత, డిసెంబర్‌లో లోడ్లు ఒప్పుకోనని ఓనర్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

డిసెంబర్ 8, సోమవారం

అడ్మిట్ అయ్యాను. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. ఊపిరి పీల్చి బంతుల్ని లేపాలి. రెండే లేస్తున్నాయి. గాజులు తీసేశాను. ముక్కుపుడక రాలేదు. ఇరవై ఏళ్లుగా తీయలేదు. సిస్టర్ సబ్బు రాసి తిప్పి తిప్పి తీసింది. కళ్లలో నీళ్లొచ్చాయి, నొప్పికే.

మన్సూర్‌ది పక్క వార్డు. వద్దంటే అమ్మకు నిజం చెప్పాల్సి వస్తుందని చివరికి ఒప్పుకున్నాడు. మాస్క్ పెట్టుకుని తలుపు దాకా వచ్చాడు. తిన్నావా అని అడిగాడు.

డిసెంబర్ 9, ఉదయం 5:40

ఎనిమా ఇచ్చారు. నీళ్లు కూడా తాగొద్దు. నడుముకు ఎడమ పక్కన మార్కర్‌తో బాణం గుర్తు వేశారు.

మంచం మీదే కూర్చుని నమాజు చదివాను. సూరా మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి. స్తుతి వచ్చి చివరిసారి అడిగింది. తల ఊపితే సరిపోదట, నోటితో చెప్పాలట. చెప్పాను.

మొదట నన్నే తీసుకెళ్తారు. వద్దనడానికి ఇంకా టైముంది. స్ట్రెచర్ వచ్చింది.

డిసెంబర్ 12

నడిపించారు. అద్దం అవతల మన్సూర్. మంచానికి కట్టిన యూరిన్ సంచి పసుప్పచ్చగా నిండుతోంది. వాడు వేలితో దాన్నే చూపించాడు.

భయం పోలేదు. ఇదివరకు ఒక ఒంటికే ఉండేది. ఇప్పుడు రెండు ఒళ్లకు.