సర్దుకుపోయే గుణం

5 జనవరి 2004
హోసూరులో ట్రైనింగ్. బెంగళూరు కన్సల్టెంట్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే చెప్పాడు. మనిషి స్వభావమంతా ఐదు గుణాల్లో ఉంటుందట: కొత్తదనం మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, మనసు నిబ్బరం. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు. తళి ఊళ్లో మా గులాబీల గ్రీన్‌హౌస్‌లో పనిచేసే ఇరవై ఇద్దరు ఆడవాళ్లకూ సూపర్‌వైజర్‌గా నేనే వేయాలి. నేను చదివింది బి.ఎస్సీ. బాటనీ. గులాబీలకైతే వేస్తాను.

8 జనవరి
మార్కులు వేస్తూ పాపక్క దగ్గరే ఆగిపోయాను. బస్సులో నోరు మూయదు. షెడ్‌లో అడుగు పెడితే నోరు తెరవదు. కలుపుగోలుతనం ఎంత? బస్సుకు ఐదు, షెడ్‌కు ఒకటి. మూడు వేశాను. ఆ మూడులో పాపక్క ఎక్కడా లేదు. విసుగొచ్చి ఫైల్ మూసేశాను.

9 జనవరి
చౌడమ్మ నా పరువు తీసింది. పొద్దున పురుగుల మందు కొట్టిన మూడో షెడ్ వాకిలికి అడ్డంగా నిలబడి, ఆ ఘాటు పోయేదాకా లోపలికి పోయేది లేదంది. ఆమె వెనక అందరూ ఆగిపోయారు. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజు ఆర్డర్లు నెత్తి మీద ఉన్నాయి. మేనేజర్ జయరామ్ సార్ వాళ్ల ముందే నన్ను తిట్టాడు. ఆ కోపం మీదే ఫారాలన్నీ నింపేశాను. చౌడమ్మ, సర్దుకుపోయే గుణం: 1. కాగితం చిరిగేంత గట్టిగా రాశాను.

19 జనవరి
బెంగళూరు ఆఫీసు నుంచి పనివాళ్ల కొత్త లిస్టు వచ్చింది. అందులో చౌడమ్మ పేరు లేదు.

23 జనవరి
మందు కొట్టి గంట కాలేదు. సార్ అందరినీ షెడ్‌లోకి పంపమన్నాడు. పంపాను. ఒక్కరూ మారు మాట్లాడలేదు. పదిన్నరకు పాపక్క కళ్లు తిరిగి పడిపోయింది. ఇంకో ఇద్దరికి వాంతులు. సర్దుకుపోవడంలో ఆ ముగ్గురికీ నేను వేసింది ఐదు.

ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తూ, ముందే చెప్పకూడదా అని పాపక్క మీద అరిచాను. ఆ స్థితిలో ఉన్న మనిషి మీద.

"మీరే కదమ్మా పొమ్మనింది," అంది.

డ్రిప్ పెట్టారు. సాయంత్రానికి ముగ్గురూ తేరుకున్నారు.

25 జనవరి
చౌడమ్మ ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలిచి గింజలు గిన్నెలో వేస్తోంది. ఆ మార్కు వేసింది నేనేనని, తప్పు రాశానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. చేతిలో పని ఆపలేదు.

"తప్పేముంది ప్రతిభమ్మా? నేను సర్దుకోను, నిజమే రాసినావు. పాపక్క సర్దుకుంటాది, అదీ నిజమే. ఆ కాగితం యాడికి పోతాదో, దాన్తో ఏం జేస్తారో, అది మాత్రం నువ్వు అడగలే."

సార్‌తో మాట్లాడతానని చెప్పి, మళ్లీ పనికి రమ్మన్నాను. అక్కడి పద్ధతి మారేదాకా రానంది. ఒళ్లు మండిపోయింది. ఆమె మీదా, నా మీదా? బస్సు దిగేదాకా తేలలేదు.

27 జనవరి
ఏడింటికి మందు కొట్టారు. ఎనిమిదింటికి సార్ పంపమన్నాడు. పంపను సార్, అన్నాను. సార్ బెంగళూరుకు ఫోన్ చేయడానికి పోయాడు.

మధ్యాహ్నం దాకా అందరం బయటే కూర్చున్నాం. ఆ చలికి ఎండ బాగుంది.