రెండుసార్లు కడిగిన సీసాలు

ప్రియమైన చెల్లాయికి,

ఆదివారం మీ ఇంట్లో తిన్న భోజనం ఇంకా నాలుక మీదే ఉంది. ఇంటికి రాగానే తలుపు దగ్గర పార్సిల్ కనిపించింది. ప్యాకింగు సామాను ఎంత వాడాం, ఎంత మళ్ళీ వాడాం, ఎంత చెత్తలో పోశాం అని దేశం మొత్తానికీ కట్టే లెక్కల పుస్తకం, ఈ యేటిది. అట్టపెట్టె, అందులో బుడగల కవరు, దాని లోపల ఇంకో ప్లాస్టిక్ తొడుగు. చెత్త తగ్గించమని చెప్పే పుస్తకం విప్పేసరికి నా చెత్తబుట్ట నిండిపోయింది.

నేను రిటైరయ్యాక ఆ లెక్కల విభాగంలో నా కుర్చీలో కూర్చున్న గ్రాఫులాయన తెలుసుగా, నా వీడ్కోలు సభలో నా ప్రసంగం మధ్యలో మైకు ఆపించిన మహానుభావుడు. గాజుసీసాల మళ్ళీ వాడకం ఎగబాకిందని ఆకుపచ్చ గీత ఒకటి గీశాడు. ఎందుకు ఎగబాకదు? నా హయాంలో పళ్ళరసం నింపే కంపెనీలను అడిగేవాళ్ళం. నిండి బయటికెళ్ళిన సీసాకే లెక్క. ఈయన, సులువు కదా అని, కడిగే షెడ్లను అడుగుతున్నాడు. లేబుల్ ఊడక మళ్ళీ తొట్టిలోకి వెళ్ళిన సీసాను అక్కడ సీసాలు లెక్కపెట్టే మీటరు రెండోసారి కూడా లెక్కేస్తుందని ఆయనకు ఎవరు చెబుతారు? సీసా కడిగే చోట అడుగుపెట్టిన మొహం కాదది.

ఊరుకోలేకపోయాను. పై కమిటీకి నాలుగు ముక్కలు రాసి పడేశాను. మీ షెడ్డు పేరే కాదు, ఏ షెడ్డు పేరూ ఎత్తలేదులే, కంగారుపడకు. ఆ ఆకుపచ్చ గీత ఎలా వంగుతుందో చూద్దాం.

మోకాలికి నూనె రాసుకో.

నీ ముసలి అన్నయ్య

*

అన్నయ్యకు,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ ఏమీ బాగాలేదు.

కమిటీవాళ్ళు మా షెడ్డుకు వచ్చారు. టీ తాగండి అన్నా ఆగలేదు. తిన్నగా లైను చివరికి వెళ్ళి, "లేబుల్ ఊడని సీసాలు ఎక్కడ పెడతారు?" అని అడిగారు. మొండి సీసాలను రెండోసారి కడిగేది మేం ఒక్కళ్ళమే. మిగతా షెడ్లవాళ్ళు పగలగొట్టి కరిగించడానికి పంపేస్తారు. మీటరు లెక్క కొట్టేసి, కంపెనీలు నింపిన లెక్క చూశారు. ప్రభుత్వ సాయం అందాలంటే ఇన్ని సీసాలు కడగాలని పెట్టిన హద్దు కిందకు పడిపోయాం. సాయం ఆగితే కడుగుడు ధర పెంచాలి. పెంచితే కంపెనీలు పారేసే ప్లాస్టిక్ సీసాలకు మారతాయి. తొట్ల దగ్గర నిలబడే ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళాలి.

ఎవరో చెప్పారని అందరికీ తెలిసిపోయింది. అందరూ లారీ డ్రైవరు మీద పడ్డారు. జీతం పెంచమని ఆమధ్య నాతో గట్టిగా మాట్లాడాడు కదా, అందుకు. నిన్న లారీ నిండా క్రేట్లతో వచ్చాడు. ఒక్కరూ చెయ్యి వేయలేదు.

"పెద్దమ్మా, ఒక పట్టు పట్టవా?" అని లేబుళ్ళ దగ్గర ఉండే ఆవిడను అడిగాడు.

"చెప్పడానికి నోరుంది, దించుకోవడానికి చేతుల్లేవా నాయనా?" అందావిడ.

అతనొక్కడే దించుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను.

నీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లాయికి,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. చెప్పింది డ్రైవరు కాదు, నేను. మొదటి ఉత్తరంలోనే రాశాను, అప్పుడు దాన్ని ఘనకార్యం అనుకున్నాను.

మీటరు రెండుసార్లు లెక్కేస్తుందన్నది ఆ ఆదివారం అన్నం వడ్డిస్తూ నువ్వు నవ్వుతూ చెప్పిన మాట. గ్రాఫులాయన మీద విసరడానికి చేతికందిన రాయి తీసుకున్నాను. అది మీ గోడలోది అని చూసుకోలేదు. చూసుకోలేదనడం కూడా అబద్ధమే. మిగతా షెడ్లు మొండి సీసాలను పగలగొడతాయని ఆ విభాగం నడిపినవాడికి తెలియదా? రాసేటప్పుడే తెలుసు. పేరు రాయలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పేరు లేకుండా ఆనవాళ్ళన్నీ ఇచ్చాను.

ఇంకో సంగతి విను. గ్రాఫులాయనకు ఏమీ కాలేదు. లోపం తానే కనిపెట్టినట్టు చెప్పుకుని మెప్పు పొందాడు. జీవితమంతా చరిత్ర పుస్తకాలు చదివాను. రాజులు కొట్టుకుంటే కింద ఎవరు నలుగుతారో తెలుసుకోవడానికి అన్ని పుస్తకాలు అక్కర్లేదు.

నేను రాసిన లెక్క నిజం. అదే నన్ను తినేస్తోంది. అబద్ధమైతే వెనక్కి తీసుకునేవాణ్ణి. నిజాన్ని ఎలా వెనక్కి తీసుకోను?

ఈ ఉత్తరం అందరి ముందూ చదువు. ముఖ్యంగా ఆ డ్రైవరు ముందు. నన్ను తిట్టాలనుకున్నవాళ్ళను తిట్టనివ్వు.

అన్నయ్య

*

అన్నయ్యకు,

చదివాను. తొట్లు ఆపి అందరినీ పిలిచి చదివాను. పెద్దమ్మ డ్రైవరు దగ్గరకెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. నా సంగతి ఎత్తకుండా అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆపలేకపోయాను. వాళ్ళకు చెప్పిందే నీకూ చెబుతున్నాను.

మీటరు రెండుసార్లు తిరుగుతోందని తెలిసే నెలనెలా ఆ లెక్క కింద సంతకం పెట్టాను. ఒకసారి లెక్కలు తీసుకునే ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను కూడా. "మీటరు ఏం చూపిస్తే అది రాయండమ్మా" అన్నారు. అది తప్పని తెలుసు. మానితే ఎవరెవరు ఇంటికి వెళ్ళాలో కూడా తెలుసు. నాకు ధైర్యం చాలలేదు. అందుకే ఆ ఆదివారం నీకు చెప్పాను. నవ్వింది నీకు అనుమానం రాకూడదని. నా అన్న ఊరుకోడని నాకు బాగా తెలుసు. నా నోటితో చెప్పలేనిది నీ కోపంతో చెప్పించాను. చెప్పింది నువ్వేనని కమిటీవాళ్ళు లైను చివరికి నడిచిన క్షణంలోనే అర్థమైంది. కమిటీకి రాశానని నువ్వు అంతకుముందే నాకు రాశావు కూడా. అయినా డ్రైవరు క్రేట్లు దించుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. అందరి చూపూ అతని మీదుంటే నా వైపు తిరగదు కదా.

సాయం ఆగింది. ఒక లైను మూసేశాం. సగంమంది వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు నాతో పనివరకే మాట్లాడుతున్నారు.

డ్రైవరు మాత్రం అంతా విని తలూపాడు. "మీ అన్నగారికి ఆయన శత్రువు మీద కోపం, అక్కా. అది నాకర్థమైంది. మీకు నామీద ఏ కోపమూ లేదు. అదే నాకర్థం కాలేదు" అన్నాడు. లారీ తాళాలు నా చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

నీమీద కోపం తెచ్చుకుందామని చూస్తున్నాను. వస్తే కాస్త తేలికపడేదాన్ని. రావడం లేదు అన్నయ్యా.

నీ చెల్లెలు